కళ్లకు రంగులు వేసే మనిషి

మా ఆయన చేసిన కళ్లు ఈ ఊళ్లో నూట ముప్ఫై మందికి పైగా మొహాల్లో ఉన్నాయి. బజారులో ఎవరైనా ఎదురై పలకరిస్తే ఆయనకు ముందు మనిషి గుర్తురాడు, కన్ను గుర్తొస్తుంది. "ఎడమది నాదే" అంటాడు నాతో మెల్లగా. అలాంటి మనిషి తొమ్మిది నెలల పాటు కుంచె ముట్టుకోలేదు. ముట్టుకోవద్దన్నది నేనే. మళ్లీ ముట్టుకుంటాడా, ముట్టుకుంటే నేను ఆ ఇంట్లో ఉండగలనా అన్నదే ఆ తొమ్మిది నెలలూ మా ఇద్దరి మధ్యా నలిగింది. ఆ సంగతే చెబుతున్నాను. చెప్పడంలో నా కోపం కూడా కలుస్తుంది. దాన్ని ఏరి పక్కన పెట్టే ఓపిక నాకు లేదు.

పొట్టకూటికి ఆయన చేసేది కట్టుడుపళ్ల పని. పళ్ల డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు. వాటిని బట్టి గులాబీ రంగు చిగుళ్లు పోసి, పళ్లు అమర్చి, అరగదీసి, నునుపు చేసి తిరిగి పంపాలి. పెళ్లయిన కొత్తలో "మీ అల్లుడేం చేస్తాడు" అని ఎవరైనా అడిగితే మా అమ్మ "డాక్టర్ల దగ్గర" అని నసిగి మాట మార్చేసేది. పళ్లు అని చెప్పడానికి ఆవిడకు నామోషీ. ఆ తర్వాత కళ్లు కూడా మొదలయ్యేసరికి అల్లుడి సంగతి ఎత్తడమే మానేసింది.

కళ్లు మా చర్చి వాచ్‌మన్‌తో మొదలయ్యాయి. మేకు కొడుతుంటే ఎగిరొచ్చి తగిలి అతని కన్ను పోయింది. చర్చి లోపల కూడా నల్లద్దాలు తీసేవాడు కాదు. పిల్లలు అతన్ని చూసి తల్లుల వెనక దాక్కునేవాళ్లు. మా ఆయన ప్రసంగమంతా వదిలేసి అతని వైపే చూస్తూ కూర్చునేవాడు. ఒక ఆదివారం ఇంటికొచ్చి చొక్కా కూడా మార్చుకోకుండా, "పళ్లకు వాడే పొడిలోనే తెల్లది తీసుకుంటే కనుగుడ్డు అవుతుందే" అన్నాడు.

కంటి ఆసుపత్రిలో ఈ పని చేసే ముసలాయన దగ్గరికి నెలల తరబడి తిరిగి నేర్చుకున్నాడు. ఆరు కళ్లు పాడయ్యాయి. ఏడోది కుదిరింది. వాచ్‌మన్ దాన్ని పెట్టుకుని, నల్లద్దాలు జేబులో వేసుకుని, చర్చిలో ముందు బెంచీలో వచ్చి కూర్చున్నాడు. పాస్టరు గారు మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇది దేవుడు మీకిచ్చిన వరం, తలాంతు. దాచిపెట్టుకోవడానికి ఇవ్వలేదు" అన్నారు. మాట అనేసి ఆయన వెళ్లిపోయారు. మా ఆయన మాత్రం ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాడు. అప్పటి నుంచి శనివారాలన్నీ కళ్లకే. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. "పళ్లు మన పొట్టకి, కళ్లు దేవుడికి" అనేవాడు. దేవుడి పనికి నా వంటిల్లు కావాల్సి వస్తుందని అప్పటికి నాకు తెలియదు.

ఎందుకంటే ఆ కన్ను ఉడకాలి. అచ్చులో పోసిన ముద్ద గట్టిపడాలంటే మరిగే నీళ్లలో ఉంచాలి. అందుకని పొయ్యి మీద ఎప్పుడూ రెండు కుక్కర్లు. ఒకదాంట్లో మా అన్నం, ఒకదాంట్లో ఎవరిదో కన్ను. ఏది ఎన్ని కూతలు కూసిందో గుర్తు తప్పితే ఇటు అన్నం మాడుతుంది, అటు కన్ను పొంగి బుడగలొస్తాయి. చుట్టాలు వచ్చినప్పుడు మూత తియ్యబోతూ నేను రెండుసార్లు చూసుకునేదాన్ని. మా ఆడపడుచు ఒకసారి చూసుకోకుండా తీసింది. మళ్లీ మా ఇంట్లో భోంచెయ్యలేదు.

ముందు గదిలో ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. అటు నుంచి ఎండ నేరుగా పడదు కాబట్టి పొద్దున్న చూసిన రంగు మధ్యాహ్నం దాకా మారదట. ఆ కిటికీకి కర్టెన్ కట్టనిచ్చేవాడు కాదు, వానొచ్చినా రెక్కలు వెయ్యనిచ్చేవాడు కాదు. వీధిన పోయే ప్రతివాళ్లూ మా ఇంట్లోకి తొంగి చూసి పోవాల్సిందే. కిటికీ దగ్గర ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఒకటి ఆయనది. రెండోదాంట్లో కన్ను పోయినవాళ్లు కూర్చుంటారు. మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని, వాళ్ల మిగిలిన కంటిలోకి ఇరవై నిమిషాల సేపు మాట్లాడకుండా చూస్తాడు. ఆడవాళ్లు వస్తే ఇబ్బంది పడతారని నేను పక్కన కూరగాయలు తరుగుతూ కూర్చునేదాన్ని. నా వంతు సేవ అది.

ఆయన గొప్పతనమంతా ఆ చూపులోనే ఉంది, ఒప్పుకోవాలి. మనందరివీ నల్లకళ్లనుకుంటాం కదా. ఆయనకు నల్లకళ్లే కనిపించవు. ఈ మనిషిది తడిసిన ఇటుక, ఆ మనిషిది మరిగిపోయిన టీ, వీళ్లబ్బాయిది పాత తోలుచెప్పు అంటాడు. అంచున బూడిద రంగు గీత ఎంత మందమో, లోపల పసుపు చుక్కలు ఎన్నో, ఏ వైపు ఎక్కువో చెబుతాడు. అవన్నీ నాలుగు వెంట్రుకల కుంచెతో, చొక్కా బొత్తామంత బిళ్ల మీద దించుతాడు. తెల్లగుడ్డులో నరాల కోసం ఎర్ర పట్టుదారం పోగులు విడదీసి అంటిస్తాడు. ఒక పెద్దావిడ అద్దంలో చూసుకుని, "నిద్ర లేని మొహం కూడా తెచ్చావు నాయనా" అని ఏడుస్తూ నవ్వింది.

ఒక్కటి మాత్రం ఆయన వేసేవాడు కాదు. కంటి నడిమధ్యన నల్లటి చుక్క ఉంటుంది చూడండి, దాన్ని. ఆ నల్ల బిళ్లలు తయారుగా దొరుకుతాయి. మూడు సైజులు, సీసాకు వంద. చిమటాతో ఒకటి తీసి మధ్యలో అంటించి, దాని చుట్టూ రంగు మొదలుపెట్టడమే. అందరికీ అదే నలుపు. దాన్ని చూడాల్సిన పని ఆయనకు పడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోదామన్నా మర్చిపోలేను.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు మాకు ఆడపిల్ల పుట్టింది. గుండ్రంగా, పొట్టిగా ఉండేదని బుడంకాయ అని పిలిచేవాళ్లం. దాని అసలు పేరు బాప్తిస్మం పుస్తకంలో తప్ప ఎవరి నోటా వినపడేది కాదు. వాళ్ల నాన్న దాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకునేవాడు. పొద్దున్నే పళ్ల పనికి వెళ్లేముందు కిటికీ దగ్గర ఒళ్లో కూర్చోబెట్టుకుని దాని కళ్లు చూసేవాడు. "నీ రంగే వచ్చిందే. అంచు మాత్రం నాది" అని నాతో చెప్పి మురిసిపోయేవాడు. అదేమో ఆయన ముక్కు పట్టుకుని లాగేది.

రెండేళ్లు నిండిన కొన్నాళ్లకు, ఒక సాయంత్రం వంటింట్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని అన్నం తినిపిస్తున్నాను. ఇంకా లైటు వెయ్యలేదు. ఎవరో వచ్చిన చప్పుడైతే అది వాకిలి వైపు తల తిప్పింది. దాని కుడికంటి మధ్యలో, నల్లగా ఉండాల్సిన చోట, పిల్లి కన్ను మెరిసినట్టు తెల్లగా మెరిసింది. మళ్లీ నా వైపు తిరిగేసరికి ఏమీ లేదు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆయన రాగానే చెప్పాను. తేలిగ్గా ఏమీ తీసుకోలేదు, ఆ మాట అనకూడదు. పొద్దున్నే దాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి పావుగంట చూశాడు.

"రెండూ ఒకటే. రంగులో ఇంత తేడా కూడా లేదు" అన్నాడు.

"రంగు సంగతి కాదండీ, మధ్యలో. తెల్లగా మెరిసింది."

"వాకిట్లో వెలుతురు పడి ఉంటుంది."

నేను నమ్మాను. కళ్లు చూసే మనిషి చెబితే నమ్మనా? వీధిలో ఎవరి పిల్ల కంట్లో నలక పడ్డా మా ఇంటికే తెస్తారు. నా పిల్లను నేను ఇంకెక్కడికి తీసుకెళ్లను?

రెండు నెలలు పోయాక మళ్లీ కనిపించింది. ఈసారి స్నానాల గదిలో. మళ్లీ చెప్పాను. మళ్లీ కిటికీ, మళ్లీ ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, మళ్లీ రంగు. డాక్టరు దగ్గరికి తీసుకెళదామన్నాను. మామూలుగా గొంతు పెంచని మనిషికి ఆరోజు ఎందుకో కోపం వచ్చింది.

"పదేళ్ల నుంచి కళ్లే చూస్తున్నాను. నువ్వు నాకు చెబుతావా?"

నోరు మూసుకున్నాను. మరో మూడు నెలలు అలాగే మూసుకుని ఉన్నాను. అంతకు ముందు చిన్న చిన్న వాటికి ఒంటికాలి మీద లేచేదాన్ని, నా పిల్ల విషయంలో మాత్రం మొగుడి మాటకు తలూపాను. ఆ తప్పు నాది. ఆయన తప్పు గురించి ఇంత మాట్లాడుతున్నాను కాబట్టి అది కూడా చెప్పాలి.

చర్చిలో చిన్నపిల్లల పాటల తరగతికి ఫోటో తీశారు. పద్నాలుగు మంది పిల్లలు, మూడు వరసలు. ఫ్లాష్ పడి అందరి కళ్లూ ఎర్రగా వచ్చాయి. మా బుడంకాయ ఎడమకన్ను కూడా ఎర్రగానే ఉంది. కుడికన్ను కాగితంలా తెల్లగా ఉంది. పాస్టరు గారి భార్య ఆ ఫోటో మా ఇంటికి తెచ్చి, "ఇదేంటో చూడండి, ఫోటో పాడైనట్టుంది" అంది. మా ఆయన ఫోటో అందుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. అక్కడే, కన్ను పోయినవాళ్లు కూర్చునే కుర్చీలో కూలబడిపోయాడు.

ఆవిడ వెళ్లాక అన్నాడు.

"రోజూ చూశాను. రంగే చూశాను. ఆ మధ్యలోది... అది నేను ఎప్పుడూ ఎవరి కంట్లోనూ చూడలేదే."

ఆసుపత్రిలో డాక్టరమ్మ మెత్తటి మనిషే. కంటి లోపల వెనకవైపు గడ్డ ఉందని, చిన్నపిల్లలకే వస్తుందని, వెలుతురు ఎక్కువగా ఉంటే మధ్యలో నలుపు చిన్నదైపోయి లోపలిది బయటికి కనపడదని, చీకట్లోనే తెలుస్తుందని బొమ్మ గీసి చెప్పింది. ఎప్పుడు మొదట చూశారని అడిగింది. ఐదు నెలలైందని నేను చెప్పాను. ఆవిడ పెన్ను ఆగింది. అప్పుడే తెచ్చి ఉంటే కన్ను తియ్యాల్సిన అవసరం కూడా ఉండేది కాదేమో అంది. ఇప్పుడైతే తియ్యాలి, లోపల నరం దాకా పాకిందో లేదో చూడాలి అంది. మా ఆయన నేల చూస్తున్నాడు. ఆయన వెలుతురు కోసం తెరిచి పెట్టుకున్న ఆ కిటికీయే నాకు గుర్తొచ్చింది. ఇంటికెళ్లి దాన్ని పగలగొట్టాలనిపించింది.

కన్ను తీశారు. నరం దాకా పాకింది. సూదులు, మందులు, వాంతులు, జుట్టు రాలిపోవడం, అవన్నీ ఏకరువు పెట్టను. పడినవాళ్లకు తెలుసు, పడనివాళ్లకు తెలియక్కర్లేదు.

గాయం మానాక మా ఆయన దానికి కన్ను చేశాడు. ఆ శనివారం ఒళ్లో కాదు, ఎదురు కుర్చీలో రెండు దిండ్లు వేసి కూర్చోబెట్టాడు. అది కదలకుండా కూర్చుంది. నేను కూరగాయలు తరగలేదు. ఆయన కుంచె పట్టుకున్న చెయ్యి వణుకుతుందేమోనని చూశాను. వణకలేదు. ఆ చెయ్యి వణకనందుకు కూడా నాకు కోపమే వచ్చింది. కన్ను అచ్చుగుద్దినట్టు వచ్చింది. డాక్టరమ్మ ఏది అసలుదో తెలియక ఒకసారి ఆయన చేసినదాంట్లోకి టార్చి వేసింది.

బుడంకాయకు రెండు కళ్లు. ఒకటి "నా కన్ను", ఒకటి "నాన్న కన్ను". "అమ్మా, నాన్న కన్ను కడగాలి" అనేది. కడిగి ఇస్తే తనే పెట్టుకునేది. వార్డులో పక్క మంచం పిల్లతో, "మా నాన్న నీక్కూడా ఒకటి చేస్తాడు, ఏ రంగు కావాలి?" అని అడిగేది. ఆ పిల్ల నీలం కావాలంది. మా ఆయన సరేనన్నాడు.

పిల్లల మొహం ఎదిగే కొద్దీ కన్ను వదులవుతుంది. ఏటా ఒక సైజు పెంచి కొత్తది చెయ్యాలి. మందులు ఎక్కిస్తున్న రోజుల్లో, వార్డులో చేతులు ఖాళీగా పెట్టుకోలేక, మా ఆయన ఇంటికొచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా వచ్చే ఏటి కన్ను కూడా చేసిపెట్టాడు. ఒక సైజు పెద్దది. ఆ కన్ను తయారవుతోందంటే పిల్ల ఎదుగుతుందనే కదా అనుకున్నాను. ఆ కాలంలో నేను దేవుడికి చేసిన ప్రార్థన అదొక్కటే, ఆ కన్ను దీనికి సరిపోవాలి అని.

నాలుగేళ్లు నిండడానికి ఇంకా రెండు నెలలుండగా మా బుడంకాయ పోయింది. గడ్డ తలలోకి పాకింది. పోయేముందు పదిరోజులు ఎవరినీ గుర్తుపట్టలేదు.

సమాధుల తోటకు తీసుకెళ్లేముందు మా ఆయన గిన్నెలో కన్ను కడిగి, తుడిచి, రెప్ప ఎత్తి పెట్టాడు. ఎలాగూ కళ్లు మూసే ఉంటాయి కదా అని ఎవరో అన్నారు. "దానిది దానికి ఉండాలి" అన్నాడు. రెండోది, ఆ ఒక సైజు పెద్దది, నా బట్టల పెట్టెలో దూది మీద ఉంది.

మూడో రోజున నేను ఆయనతో చెప్పాను. "ఇక ఈ ఇంట్లో కళ్లు వద్దు."

ఆయన ఎదురు కుర్చీని గోడ వైపు తిప్పేశాడు. కుంచెలన్నీ పాత బిస్కెట్ల డబ్బాలో వేసి మూత బిగించాడు. నల్ల బిళ్లల సీసాను మాత్రం చాలాసేపు చేతిలో పట్టుకుని, పెరట్లోకి తీసుకెళ్లి కాలవలో ఒంపేశాడు. రెండో కుక్కర్‌ను నేను అటక మీదకి విసిరేశాను. ఇంట్లో ఒకటే కుక్కర్ కూసేది. శనివారాలు పళ్ల దుకాణానికే వెళ్లేవాడు. పిల్లలు ఎదురైతే తల తిప్పేసుకునేవాడు. మేమిద్దరం ఉప్పు ఉందా, నీళ్లు వచ్చాయా అన్నంత వరకే మాట్లాడుకునేవాళ్లం.

ఏడు నెలలు గడిచాక పాస్టరు గారు వచ్చారు. కుర్చీ గోడ వైపు తిరిగి ఉండడం చూసి నిలబడే మాట్లాడారు. కన్ను కోసం పదకొండు మంది అడుగుతున్నారని, వాచ్‌మన్‌ది కూడా రంగు వెలిసిపోయిందని చెప్పారు. చివరికి అసలు మాట ఎత్తారు.

"దేవుడిచ్చిన తలాంతు అమ్మా. ఊరికే పోనివ్వకూడదు."

మా ఆయన నా వైపు చూశాడు. నేను నోరు పారేసుకున్నాను.

"అయ్యగారూ, ఒక్కటి అడుగుతాను. ఊళ్లో అందరి కళ్లూ చూసే చూపు ఈయనకిచ్చాడు కదా దేవుడు. సొంత బిడ్డ కన్ను చూసుకునే చూపు ఎందుకివ్వలేదు? మీరు కనుక్కుని వచ్చి చెప్పండి, అప్పుడు కుర్చీ ఇటు తిప్పుతాం."

పాస్టరు గారు గట్టివాడే, పెద్ద పెద్ద మాటలు రానివాడు కాదు. కానీ ఆ రోజు ఏ బైబిలు వాక్యమూ ఎత్తలేదు. "నాకు తెలియదమ్మా" అన్నారు. మంచినీళ్లడిగి తాగి, గ్లాసు ఆయనే లోపల పెట్టి వెళ్లిపోయారు. ఆయన మీద నాకు ఆరోజే గౌరవం పుట్టింది.

మరో రెండు నెలలకు, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఒకావిడ తలుపు కొట్టింది. వెంట ఐదేళ్ల పిల్లాడు, కంటికి గుడ్డ కట్టు. చంకలో ఎనిమిదినెలల ఆడపిల్ల. రెండు బస్సులు మారి వచ్చారట. ఆసుపత్రిలో పిల్లాడి కన్ను తీసేశారని, ఇక్కడ కన్ను చేసే ఆయన ఉన్నాడని ఎవరో చెప్పారని అంది. పిల్లాడికి ఏమైందో అడగక్కర్లేకపోయింది. వాడి తల మీద కొత్తగా మొలుస్తున్న జుట్టు చూస్తే తెలిసిపోయింది.

"ఇప్పుడు చెయ్యడం లేదమ్మా" అన్నాను, తలుపు సగం పట్టుకుని.

"అలాగేనమ్మా. వాన తగ్గేదాకా కూర్చోనా? కాసిని నీళ్లివ్వు."

లోపలికి రమ్మనక తప్పలేదు. ముందు గది మబ్బుకు చీకటిగా ఉంది, ఆ కిటికీ ఒక్కటే తెల్లగా వెలుగుతోంది. ఆమె చాప మీద కూర్చుని పిల్లను భుజాన వేసుకుంది. నేను నీళ్లు తేబోతుంటే మా ఆయన లోపలి గదిలోంచి వస్తున్నాడు. పిల్లలున్నారని చూసి తల తిప్పేసుకోబోయాడు. భుజం మీద పసిపిల్ల ఆయన్ని చూసింది. ఆయన అక్కడే ఆగిపోయాడు.

"ఆ కిటికీ మూసెయ్" అన్నాడు నాతో.

ఆ ఇంట్లో అన్నేళ్లలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. రెక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి, భుజంతో నెట్టి మూయాల్సి వచ్చింది. ఆయన టార్చి తెచ్చాడు. తల్లి భయపడి పిల్లను గట్టిగా పట్టుకుంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, టార్చి పక్కగా పట్టి, చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతికిచ్చాడు.

"నువ్వు చూడు. నువ్వు చెప్పు."

చూశాను. ఎడమకన్ను నల్లగా ఉంది. కుడికన్ను తల తిప్పినప్పుడు ఒక్క క్షణం మెరిసింది. వంటింట్లో నా ఒళ్లో మెరిసింది అదే.

"అదేనండీ" అన్నాను.

ఈసారి ఆయన వాకిట్లో వెలుతురు అనలేదు. చెప్పులేసుకున్నాడు.

"వీడికొచ్చింది కాబట్టి చిన్నదాన్ని కూడా తెచ్చి చూపించమన్నారమ్మా ఆసుపత్రిలో" అంది ఆ తల్లి ఏడుస్తూ. "వాడితోనే సరిపోయింది నాకు. ఇది బాగానే నవ్వుతోంది కదా అనుకున్నాను."

ఆమెను ఏమైనా అనే హక్కు నాకు లేదు. వానలోనే ఆటో పిలిచి, అదే ఆసుపత్రికి, అదే వరండాలోకి, అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆ నేల మీద మళ్లీ కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నదాన్ని. డాక్టరమ్మ పిల్లను లోపలికి తీసుకెళ్లి చాలాసేపటికి బయటికి వచ్చింది. చిన్నగానే ఉందని, ఒక కంట్లోనే ఉందని, కన్ను తియ్యకుండా మందుతో, లేజరుతో ప్రయత్నించవచ్చని, ప్రాణానికైతే భయం లేదనుకోవచ్చని చెప్పింది.

"ఇంత చిన్నప్పుడు ఎవరు కనిపెట్టారు?" అని అడిగింది.

"మా ఆవిడ" అన్నాడు మా ఆయన.

నాకు సంతోషం కలగలేదు. అందరూ అనుకుంటారు, ఆ క్షణంలో గుండె తేలికైందేమోనని. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వరండాలో, ఆ తల్లి నా చేతులు పట్టుకుని ఏడుస్తుంటే, ఈ చూపు రెండేళ్ల ముందు ఏమైంది, ఈ నమ్మకం రెండేళ్ల ముందు ఏమైంది అని ఆయన్ని చొక్కా పట్టుకుని అడగాలనిపించింది. ఇంటికొచ్చాక అడిగాను కూడా. గట్టిగా, పొరుగువాళ్లకు వినపడేలా. తొమ్మిది నెలలుగా అడగనిదంతా అడిగాను. ఆయన అంతా విని, గోడకు ఆనుకుని కూర్చుని, పిల్ల పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, పెద్దగా ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. ఓదార్చలేదు. కానీ లేచి వెళ్లిపోలేదు.

శనివారం పొద్దున్నే లేచి చూస్తే ఎదురు కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది. నన్ను అడగలేదు. బిస్కెట్ల డబ్బా మూత రాక చాకుతో ఎత్తుతున్నాడు. నేను స్టూలు వేసుకుని అటక మీద నుంచి రెండో కుక్కర్ దించాను. విసిరినప్పుడు సొట్ట పడింది. ఇప్పటికీ ఆ సొట్టతోనే కూస్తుంది.

ఆ పిల్లాడి కన్ను ఆయన మళ్లీ మొదలుపెట్టినవాటిలో మొదటిది. అప్పటి నుంచి పద్ధతి మారింది. ఎవరు ఏ పిల్లను తెచ్చినా ముందు కిటికీ మూస్తాడు, టార్చి వేస్తాడు, తర్వాతే తెరుస్తాడు. తను చూశాక నన్ను చూడమంటాడు. ఇద్దరం ఒక మాట అంటేనే ముందుకు. నెలకో ఆదివారం చర్చి వెనక సామాన్ల గదిలో కిటికీకి నల్లగుడ్డ కట్టి, పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తాం. పసివాళ్లు చీకటికి జడిసి ఏడుస్తారు. నేను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను, ఆయన చూస్తాడు. ఊళ్లో మిగతా చర్చిల సంఘాలవాళ్లు, ఏ సంఘమూ లేనివాళ్లు కూడా తెస్తారు. ఐదేళ్లలో వందల కళ్లు చూశాం. ఇద్దరి కంట్లో ఆ తెలుపు దొరికింది. ఇద్దరూ బతికారు.

పాస్టరు గారు దీన్ని గురించి చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు మా ఆయన్ని. లేచి నిలబడి, "నాకిచ్చింది సగం చూపే. మిగతా సగం మా ఆవిడకిచ్చాడు. నేను ఆవిడ మాట వినలేదు" అని కూర్చున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. మా బిడ్డ కన్ను పోతేనే గాని ఈ పని నేర్పడం దేవుడికి చేతకాలేదా అని నేనింకా అడుగుతూనే ఉన్నాను. దేవుడు చెప్పడం లేదు. నేను చర్చికి వెళ్లడం మానడమూ లేదు.

ఆ పిల్లాడు ఏటా వస్తాడు. ఇప్పుడు పదేళ్లవాడు, బొంగురు గొంతు, మా ఆయన బల్ల మీద ఏది పడితే అది ముట్టుకుని తిట్లు తింటాడు. చెల్లెలు కూడా వస్తుంది, తన రెండు కళ్లతో. వచ్చినప్పుడల్లా వాడి కన్ను వదులైపోయి ఉంటుంది, ఒక సైజు పెంచి కొత్తది చెయ్యాలి. వాళ్లు వెళ్లిపోయాక నేను లోపలికి వెళ్లి నా బట్టల పెట్టె తీస్తాను. ఆ దూది మీద ఉన్నది ఇంకా ఒక సైజు పెద్దదే.